మణికట్టుపై తేనీటి పరిమళము

క్రిందటి మాసమున నొకనాటి సాయంకాలము మా చెల్లెలి కోడలు కంటతడితో మా యింటికి వచ్చినది. చేతిలో బొటనవ్రేలంత సీసా యొకటి. ఏడాదికాలము ఇంటిఖర్చులలో మిగిల్చుకొన్న పైకముతో, పెండ్లిరోజునకని, తనకు దానే కొనుక్కొన్న సెంటు అది. అంగడివాడు కాగితపు ముక్కమీద చల్లి ముక్కునకు అందింపగా, దబ్బపండు తొక్కను గోట గిల్లినట్టి వాసన గుప్పుమన్నదట. ఆ యొక్క క్షణమునకే మురిసి ఈమె పైకము లెక్కపెట్టినది. ఇంటికి వచ్చి పూసికొనగా అరగంటలో ఆ దబ్బవాసన మాయమై, దానిచోట పొగయు మసాలాయు గలసిన వాసన యొకటి వచ్చి కూర్చున్నదట. "వంటింటి వాసన ఊరకే వచ్చుచుండగా పైకము పోసి కొనవలెనా?" అని మగడు నవ్వినాడట. "పెద్దత్తయ్యగారూ, నన్ను మోసగించినారు. ఇది నకిలీ సరుకు. మీరొక్కసారి చూచి చెప్పండి" అని ఆ పిల్ల సీసాను నా ముందు పెట్టినది.

మూత తీసి చూచితిని. మోసమేమియు లేదు. అది చేయవలసిన పనినే అది చేసినది. కాని ఆ మాట అప్పుడే చెప్పియుండినచో ఓదార్పుమాటగా దీసికొనెడిదే గాని నమ్మెడిది కాదు. "ఎల్లుండి ఆదివారము. ప్రొద్దుటనే స్నానము చేసి రమ్ము. మనమిద్దఱమును పూసికొని దీపాలవేళ వఱకు చూతము" అంటిని. సోదరీమణులారా, ఈ నెల ఈ పుటలలో ఆ యాదివారపు సంగతియే వ్రాయుచున్నాను.

ఆమె కొన్న సెంటు పేరు వ్రాయను; పేరుతో మనకు బనిలేదు. తేయాకు, మసాలా దినుసులు, నారింజజాతి పండ్లు, ఈ మూటిని గలిపి యల్లిన వంశములోనిది. ఈ వంశమునకు వయస్సు ఎక్కువ లేదు. 1992లో ఝాన్ క్లోద్ ఎలెనా అను ఫ్రెంచి పరిమళకారుడు బుల్గరి సంస్థకొఱకు పచ్చతేయాకు పేర నొక సెంటును గూర్చెను. తేనీటి వాసనకు సీసాలలో గౌరవము గలిగినది దానివలననే యని చెప్పవచ్చును. 2000లో ఒలీవియా జ్యాకొబెత్తి అను నామె లార్టిజాన్ పర్ఫ్యూమర్ వారికి "టీ ఫర్ టూ" అను దానిని గూర్చినది. అందు పొగబట్టిన చైనా తేయాకు, బెర్గమాటు, అల్లము, దాల్చినచెక్క, అనాసపువ్వు, తేనె, పొగాకు అన్నియు నొక పళ్లెమున వడ్డించినట్లుండును. మసాలా తేనీటి సెంట్లలో నేనెఱిగినంతవఱకు దానిని మించిన కూర్పు లేదు. మా పిల్ల సీసా కూడ ఆ త్రోవను నడచునదే.

ఆదివారము ఏడుగంటలకు వచ్చినది. సున్నిపిండితో నలుగు పెట్టుకొని రావలదని ముందే చెప్పితిని. అందలి కచ్చూరముల వాసనయే యొక సెంటు. ఒకదానిపై నొకటి పూసిన ఏదియు దెలియదు. వాసనలేని సబ్బుతో మణికట్టులు కడిగికొని, ఆరనిచ్చి, ఎడమచేతి లోపలివైపున చెరియొక తుంపర చల్లుకొంటిమి. ఆమె వెంటనే రెండు మణికట్టులను ఒకదానితో నొకటి రాయబోయినది. చేయి పట్టుకొని ఆపితిని. రాచినచో పరిమళపు అణువులు నలిగిపోవునని కొందఱనెదరు. అది వట్టిమాట, అణువులు చేతిరాపిడికి నలుగునవి కావు. కాని రాపిడికి చర్మము వేడెక్కి, త్వరగా పోవలసినది మఱింత త్వరగా పోవును. పూసినచోటనే దానిని విడిచిపెట్టుట మేలు.

మొదటి అరనిమిషము మద్యసారపు ఘాటు. అప్పుడు ముక్కు దగ్గఱకు దీసికొనిపోరాదు. అది యెగిరిపోయిన వెంటనే, ఆ పిల్ల మురిసిన వాసన వచ్చినది. అది నిజమునకు దబ్బపండు కాదు, బెర్గమాటు అను పండు. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా తీరమున విస్తారముగా బండును. నిమ్మకును పుల్లనారింజకును బుట్టిన సంకరజాతి. గుజ్జు పులుపును చేదును గలసి యుండుటచే పండుగా నెవరును దినరు. తొక్కను నొక్కి తీసిన నూనెకే వెల. ఎర్ల్ గ్రే అను తేయాకునకు వాసన పట్టించునది ఈ నూనెయే. తేయాకునకును దీనికిని గల నెయ్యము సెంట్లకన్న ముందే కప్పులలో గుదిరినదన్నమాట. దానివెంట అల్లపు చురుకు సన్నగా వచ్చినది. పచ్చియల్లము తురుముచుండగా వచ్చునదే గాని శొంఠి వాసన గాదు.

ఏడుంబావునకు ఆ మెఱుపు తగ్గినది. ఏడున్నరకు ఆమె చేతిపై పూర్తిగా బోయినది. నా చేతిపై ఇంకను కొంచెము మిగిలియున్నది. ఆమె నడచి వచ్చినది, పడుచుపిల్ల, చేయి వెచ్చన. నా చేయి ఎప్పుడును చల్లన. "చూచితిరా పెద్దత్తయ్యగారూ, అప్పుడే పోయినది" అని ముఖము చిన్నబుచ్చుకొన్నది.

"నిమ్మకాయ పులిహోర చేయునప్పుడు రసమెప్పుడు పిండుదువు?" అని అడిగితిని.

"పొయ్యిమీదనుండి దించిన తరువాత."

"పొయ్యిమీద నుండగా పిండిన నేమగును?"

"చేదెక్కును. కమ్మదనము పోవును."

"పలావునకు దాల్చినచెక్క, లవంగము?"

"నూనె కాగగానే అవియే మొదట" అని, ఒక్కక్షణ మాగి, నవ్వినది.

ఏది వేడికి నిలుచును, ఏది నిలువదు అన్నది ప్రతి యిల్లాలి చేతికిని దెలిసియే యున్నది. సెంటు కూర్చువారు చేయుపనియు నదియే. అంకెలు కావలెనను వారికొఱకు చెప్పెదను. నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ప్రధానమైన లిమొనీను అను పదార్థము 176 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. లవంగమునకు వాసననిచ్చు యూజినాలు సుమారు 254 డిగ్రీల వద్ద మరుగును. వనిల్లా కాయలోని వనిల్లిను 285 డిగ్రీల వద్ద. మన మణికట్టు వేడి 32, 34 డిగ్రీలకు మించదు, అచ్చట ఏదియు మరుగదు గదా యందురేమో. దండెముమీది తడిబట్టయు మరుగకయే ఆఱుచున్నది. తేలిక యణువులు ముందు లేచిపోవును, బరువైనవి వెనుక లేచును. అంతియే.

విలియం పౌచర్ అను ఆంగ్లేయుడు దీనికి లెక్క గట్టినాడు. వాసనద్రవ్యములను కాగితపు చీలికలపై వేసి, ఏది యెంతకాలము నిలుచునో ఓపికతో మూచూచి, 1 మొదలు 100 వఱకు అంకెలిచ్చి 1955లో పట్టిక ప్రకటించినాడు. మన మంచిగంధపు నూనె, వట్టివేరు నూనె ఆ పట్టికలో చిట్టచివర, ఎక్కువకాలము నిలుచువాటితో గూర్చున్నవి. కన్నోజు అత్తరువారు గులాబీలను, మల్లెలను బట్టీపెట్టి ఆ యావిరిని గంధపునూనెలోనికే దింపు పద్ధతికి గారణ మిదియే. ఎగిరిపోవుదానిని ఎగురనిదానితో ముడివేయుట. కాని నిమ్మజాతిని ఎంత ముడివేసినను అది చాలసేపు నిలువదు. నిలిచినచో అది నిమ్మయే కాదు.

ఎనిమిది గంటలు దాటిన పిమ్మట తేనీరు బయటపడినది. అంగడిలో ఈమె దీనిని చూడనేలేదు. పైకమిచ్చి మూట గట్టించుకొని బండి యెక్కు వేళకు అది కాగితముపై మేలుకొనియుండును. ఎండిన యాకు వాసన, కొంచెము గడ్డి, కొంచెము పువ్వు, నాలుకమీది వగరు ముక్కునకు దెలిసినట్లుండు ఒక పొడితనము. ఇందొక చిత్రము గలదు. తేయాకునుండి దీసిన సారము లేకపోలేదు గాని, సెంట్లలో మనకు దెలియు తేనీటి వాసన తఱచుగా ఇతర పదార్థముల కూర్పువలన గలిగించినదే. ఎలెనా ముఖ్యముగా రెండింటితో దానిని సాధించెను. ఒకటి ఐయోనోను. 1893లోనే రసాయనశాలలో దయారైన ఈ పదార్థమునకు వయొలెట్టు పూవు వాసన; అది స్వభావసిద్ధముగా తేయాకులోను గలదు. రెండవది హెడియోను, మల్లెజాతిపూల సారమును శోధించుచుండగా దొరకినది. వెలుతురు, గాలి కలిపినట్లుండు పలుచని పూవాసన. రెండింటిలో నేదియు ఒంటరిగా తేనీరు కాదు. కలసినప్పుడు ముక్కు తేనీరనుచున్నది. పప్పు, చింతపండు, పోపు వేఱువేఱుగా నున్నప్పుడు చారు గాదు గదా.

ఇక నా పిల్లను భయపెట్టిన పొగ. చైనాలోని ఫూజియన్ రాష్ట్రమున వూయీ కొండలలో లాప్సాంగ్ సూచాంగ్ అను తేయాకును దేవదారుజాతి కఱ్ఱల పొగపై ఆరబెట్టుదురు. ఆ వాసనను సెంటులో దలపించుటకే ఆ పొగ. ఆమె పెనిమిటి పొయ్యి యనుట తప్పుగాదు; నిజముగా పొయ్యియే. కాని మాడిన పొయ్యి కాదు. చలికాలపు తెల్లవాఱుజామున ఎవరో దూరమున కఱ్ఱలపొయ్యి రాజవేసినప్పుడు గాలిలో వచ్చునట్టిది. ఈ మాట చెప్పిన తరువాత ఆమె మఱల చేయి మూచూచి ఏమియు ననలేదు.

తొమ్మిది మొదలు పదిన్నర వఱకు ఆ దినమున శ్రేష్ఠమైన కాలము. నిమ్మ జ్ఞాపకముగా మాత్రము మిగిలి, తేనీరు నడుమ నిలిచి, అనాసపువ్వు ముందుగా, దాల్చినచెక్క వెనుకగా, లవంగము అన్నిటికి గడపటగా ఒక్కొక్కటే వచ్చినవి. లవంగపు యూజినాలే తులసియాకులోను గలదు. అందువలన నాకు నడుమనడుమ తులసికోట దగ్గఱ నిలుచున్నట్లు తోచినది. ఆమె చేతిపై దాల్చినచెక్క తీపిగా, నా చేతిపై పొడిగా నుండెను. ఒకే సీసా, ఒకే దినము, రెండు చేతులు, రెండు వాసనలు. చర్మమునందలి జిడ్డు పరిమళమును పట్టి యుంచును, పొడిచర్మము విడిచివేయును. వేడి, చెమట తమ తమ పని చేయును. పక్కింటివారి యొంటిపై బాగున్నదని కొనువారు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను.

పదకొండు గంటలకు "ఇప్పుడేమియు లేదు, అంతయు బోయినది" అన్నది. పోలేదు. వాకిలి ఊడ్చుచున్న మా పనిమనిషి లోపలికి వచ్చి "అమ్మగారూ, పాయసము కాచుచున్నారా?" అని అడిగినది. పోయినది పరిమళము గాదు, ఆమె ముక్కునకు దానిపై ధ్యాస. ఎడతెగక వచ్చు వాసనను ముక్కు కొంతసేపటికి లెక్కచేయుట మానును. పూలకొట్టువానికి పూలవాసన దెలియదు. ఈ సంగతి యెఱుగకయే మనవారు పెండ్లిండ్లలో రెండవసారి, మూడవసారి చల్లుకొని ప్రక్కవారికి తలనొప్పి తెప్పింతురు. పెరటిలోనికి బోయి కొంచెము తిరిగి రమ్మంటిని. వచ్చి చేయి మూచూచి "ఉన్నది" అని సిగ్గుపడినది.

పెరటిలో ఎండ తగిలినప్పుడు ఆమె మెడప్రక్కను నేను మఱియొకటి చూచితిని. చెవి క్రిందనుండి జారినట్లు గోధుమరంగు చార. సెంటు చల్లుకొన్నావా యన్న, లేదన్నది. గుచ్చి యడుగగా చెప్పినది: మూడు వారముల క్రిందట రంగు తేఱుటకని నిమ్మతొక్కలు మొగమునకు, మెడకు రాచుకొని, కడిగికొనక వడియాలు పెట్టుటకు మేడ యెక్కినదట. మఱునాడు మంట, ఆపై ఎఱుపు, తరువాత ఈ చార. ఈ పుట చదువువారిలో ఈ తప్పు చేయువారు పెక్కుమంది యుందురని యెఱుగుదును గనుక కొంచెము నిలిచి చెప్పెదను.

నిమ్మ, బెర్గమాటు మొదలగు పండ్ల తొక్కలలో బెర్గాప్టెను వంటి కొన్ని పదార్థములు గలవు. చీకటిలో అవి నిరపాయములు. వానితో దడిసిన చర్మముపై ఎండ పడినచో బొబ్బలు లేచును. బొబ్బలు మానినను నల్లని మచ్చ వారములు, నెలలు నిలుచును. బెర్గమాటు నూనె గల కొలోన్ పూసికొని యెండలోనికి బోయినవారి మెడలపై ఇట్టి చారలు గలుగుటను 1916లోనే ఫ్రాయిండ్ అను వైద్యుడు గుర్తించి ప్రకటించినాడు. అవి పతకము వ్రేలాడినట్లుండుటచే వైద్యులు ఆ పోలికతోనే ఈ వ్యాధికి బేరుపెట్టినారు. ఇప్పుడు పేరుపొందిన సంస్థలవారు ఆ పదార్థమును దీసివేసిన నూనెనే వాడుచున్నారు, లేదా అంతర్జాతీయ పరిమళసంఘమువారి కట్టుబాటు ననుసరించి మితముగా వాడుచున్నారు. కావున సీసాలోని సెంటుకన్న మన వంటింటి నిమ్మచెక్కయే ఎక్కువ భయపడదగినది. ఊరు పేరు లేని తొక్కనూనెను చర్మముపై రాచుకొనుటయు నట్టిదే. మొగమునకు నిమ్మ రాచి ఎండకు బోకుడు. ఆ పిల్లకు మచ్చ తగ్గువఱకు అచ్చట నేదియు పూయక, ఎండలో కొంగు కప్పుకొనుమని చెప్పితిని.

దాల్చినచెక్క సారము, లవంగసారము కొందఱి యొంటికి సరిపడవు. దురద పుట్టినచో కడిగివేసి మఱల పూయరాదు. అట్టివారు నూలుచీర కొంగుపై ఒక తుంపర చల్లుకొనవచ్చును. పట్టుపై వలదు, మఱక పోదు. గుడ్డ చల్లన గనుక నిమ్మవాసన దానిపై ఒంటిమీదికన్న ఎక్కువసేపుండును. కాని చర్మముపై నడచునట్టి నడక గుడ్డపై గానరాదు. సీసాను కిటికీలో గాని స్నానపుగదిలో గాని పెట్టక బీరువాలో పెట్టుకొనవలెను. వేడికిని గాలికిని లిమొనీను చెడి, వాసన పోవుటయేగాక దద్దురులు గలిగించునదిగా మాఱును.

మధ్యాహ్నమంతయు చెప్పుకొనదగినది లేదు. భోజనముచేసి పండుకొంటిమి. మూడుగంటలకు నా చేతిపై దాదాపు ఏమియు మిగులలేదు. వాసనలేని వేజలైను కొంచెము ముందుగా రాచుకొనియుండిన మఱి రెండుగంటలు నిలిచెడిది. ఆమె చేతిపై మాత్రము అడుగున దాగియున్నది పైకి వచ్చినది. తేనె, వనిల్లా, ఆరిన పొగాకు. కోతల తరువాత పొగాకు ఆరబెట్టిన యూళ్లలో సాయంకాలము వచ్చునట్టి తీపివాసన. పొగ మెత్తబడి ఆ తీపిలో గలసిపోయినది. దీపములు పెట్టువఱకు అదియే.

"ఇప్పుడు చెప్పుము. నకిలీయా?" అంటిని.

"కాదు. కాని పెద్దత్తయ్యగారూ, నాకు ఆ మొదటి అరగంటయే ఇష్టము. ఈ తక్కినదంతయు పెద్దవారి వాసనవలె నున్నది" అన్నది. ఆ మాట నాకు నచ్చినది. పన్నెండు గంటలు నడచు సెంటులో అరగంటను మాత్రము ప్రేమించినవారు ఆ సెంటును ప్రేమించినట్లు గాదు. తప్పు ఆమెది గాదు, సీసాది గాదు. అంగడిలో కాగితముపై, మొదటి నిమిషమున బేరము కుదుర్చుటలో నున్నది. మణికట్టుపై చల్లించుకొని, కొనక, ఇంటికి వచ్చి పనులు చేసికొని, సాయంకాలము కూడ నచ్చినచో మఱునాడు పోయి కొనవలెను. ఒకదినమున రెండింటికి మించి, అనగా చేతికొకటికి మించి, చూడరాదు. సెంట్లను రెండు మిల్లీలీటర్ల చిన్న గొట్టములలో నమ్మువారు ఇప్పుడు గలరు. వారము దినములకు అది చాలును.

నిమ్మజాతి వాసనయే కావలెనన్నచో దానికి వేఱే దారి గలదు. జర్మనీలోని కొలోన్ నగరమున ఇటలీవాడైన ఫరీనా కుటుంబము 1709లో బెట్టిన యంగడినుండి వ్యాపించిన కొలోన్ నీళ్లున్నవి. నిమ్మ, నారింజ, బెర్గమాటులే వాని ప్రాణము. అరగంటలో పోవును, పోవునని తెలిసియే కొనవలెను, స్నానమునకు బిమ్మట ధారాళముగా చల్లుకొనవలెను, పోయినప్పుడు మఱల చల్లుకొనవలెను. పెద్దసీసా తక్కువ వెలకే దొరకును.

చీకటిపడు వేళకు కోడలిని దీసికొనిపోవుటకు మా చెల్లెలు వచ్చినది. పిల్ల తన చేయి ఆమె ముక్కు దగ్గఱ పెట్టినది. మా చెల్లెలు కన్నులు మూసికొని చాలసేపు ఆ చేయి విడువలేదు. "అక్కయ్యా, ఇది అమ్మమ్మ చుట్టలు దాచుకొను కొయ్యపెట్టె వాసన కాదూ?" అన్నది. నిజమే. ప్రొద్దుటినుండి పొడుగు పొడుగు పేర్లు చెప్పుచున్న నాకు అది తోచలేదు.

ఇప్పుడా సీసా మా చెల్లెలి బీరువాలో నున్నది. కోడలికి ఆమె కొలోన్ పెద్దసీసా కొనియిచ్చినది. ఆదివారములలో చెల్లెలు సెంటు చల్లుకొన్నప్పుడు మొదటి అరగంట తన ప్రక్కనే కూర్చుండవలెనని కోడలు షరతు పెట్టినదట. ఆ తరువాత అత్తగారు ఎచ్చటికి బోయినను ఆమెకు అభ్యంతరము లేదట.